ఎడమ నడుము మీది ఒర

నేను ఒక ఒరను. ఒర అనగానే మీకు వెండి పిడి కత్తీ, గుర్రమూ, మెలితిప్పిన మీసాలూ గుర్తొస్తే అది నా తప్పు కాదు. నాకంటే ముందు పుట్టిన ఒరలు అలాంటి సావాసాలు చేశాయి. నాలో ఉండేది మడత కత్తి. మూస్తే అరచేతిలో దాక్కుంటుంది. మామిడి మొక్కలకు అంటు కట్టేవాళ్ళు వాడే కత్తి అది. దాని వల్ల ఇంతవరకూ ఎవరి రాజ్యమూ పోలేదు. కోసినదల్లా అతికించడానికే కోసింది. ఇలాంటి కత్తికి ఇల్లుగా ఉన్నందుకు నాకు కొంచెం గర్వం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

నా పుట్టుక గురించి చెప్పాలంటే మాత్రం మొహమాటంగా ఉంటుంది. ఒర కాకముందు చాలా ఏళ్ళు నేనొక మనిషి కింద ఆసనంగా ఉన్నాను.

అంతకుముందు ఒక దున్నపోతు మెడ మీద ఉండేదాన్ని. ఆ దున్న ఎవరి పొలం దున్నిందో, ఎవరి బండి లాగిందో నాకు గుర్తులేదు. కాడి రాసుకుని గట్టిపడిన మచ్చ ఒకటి మాత్రం నా మీద మిగిలింది. తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి పదును చేసినా ఆ మచ్చ పోలేదు. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక సందులో ఏసుపాదం గారి తోలు కొట్టుకి మా కట్ట వచ్చినప్పుడు, నా తోటివాళ్ళందరూ చెప్పులుగా, బెల్టులుగా, సంచులుగా బజారుకి వెళ్ళిపోయారు. మచ్చ ఉన్న ముక్కని ఎవరు కొంటారు? ఏసుపాదం గారికి తోలు పారేయడానికి చెయ్యి రాదు. నన్ను నాలుగు మడతలు పెట్టి తన పీట మీద పరుచుకుని కూర్చున్నారు. అలా ఉండిపోయాను.

అక్కడ నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. మనుషులు బెల్టుల కోసం వస్తారు. "ఏవండీ, ఈ బెల్టు కుంచించుకుపోయింది, ఇంకో చిల్లు వెయ్యండి" అంటారు. ఏసుపాదం గారు ఆ మనిషి పొట్ట వైపు చూడనే చూడరు. "అవునండి, ఎండకి తోలు లాగేస్తుందండి" అని చిల్లు వేసి ఇస్తారు. ఆయన అబద్ధాలన్నీ ఈ రకమే. ఒక కాలంలో అందరూ నడుముకి సెల్‌ఫోన్ సంచులు కావాలని వరస కట్టారు. తరవాత ఫోన్లు పెద్దవైపోయి జేబుల్లోకి దూరాయి. మనిషికి నడుము మీద ఏం తగిలించుకోవాలో ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుందని నాకప్పుడే అర్థమైంది.

ఆషాఢంలో ఒక రోజు, సన్నగా తుంపర పడుతుండగా, ఇద్దరు మనుషులు కొట్టు ముందు ఆగారు. ఒకాయన పెద్దవాడు, సన్నగా, లుంగీ మీద చొక్కా వదిలేసి. రెండోవాడు భుజాలు వెడల్పుగా, నోరు అంతకంటే వెడల్పుగా. పెద్దాయన పేరు గన్నియ్య. కడియం దగ్గర నర్సరీల్లో అంటు కట్టే పని. రెండోవాడు ఆయన బామ్మర్ది నూకరాజు. అదే నర్సరీలో లారీలకు మొక్కలు ఎత్తుతాడు.

"కత్తికి ఒర కావాలండి," అన్నాడు నూకరాజు.

ఏసుపాదం గారి చేతిలో ఆరె ఆగింది. ఆరె అంటే తోలుకి చిల్లు పొడిచే మొన. "ఏ కత్తండీ? ఈమధ్య పెళ్ళి ఫొటోలకి కూడా కత్తులు కట్టుకుంటున్నారు."

"మా బావకి ఆ సరదా లేదండి. అంటు కత్తి."

గన్నియ్య చొక్కా జేబులోంచి చేతిరుమాలు మూట తీసి విప్పాడు. చెక్క పిడి, రెండు చివరలా ఇత్తడి, బొటనవేలు ఆనే చోట నున్నగా అరిగిపోయిన మెరుపు. ఏసుపాదం గారు దాన్ని తెరిచి చూసి, మూసి, "మంచి కత్తండి" అన్నారు. అంతకుమించి పొగడలేదు. పనిముట్టు తెలిసినవాళ్ళు ఎక్కువ పొగడరు.

తరవాత జరిగింది కోటగుమ్మంలో చాలామంది చూశారు. ఒర ఎంచుకోవడం చెప్పులు ఎంచుకోవడం లాంటిది కాదు. చెప్పులైతే నాలుగడుగులు నడిచి చూస్తాం. అంటు కట్టేవాడు పొద్దస్తమానం గొంతుక్కూర్చునే ఉంటాడు. అందుకని, నూకరాజు కొనిచ్చిన వెడల్పాటి బెల్టు గన్నియ్య లుంగీ మీద బిగించుకుని, ఏసుపాదం గారు ఇచ్చిన ఒక్కొక్క ఒరా దానికి తగిలించి, కొట్టు ముందు గొంతుక్కూర్చోవడం మొదలుపెట్టాడు.

మొదటిది దళసరి తోలు, నిలువుగా వేలాడేది. కూర్చోగానే పై అంచు పొట్టలో, కింది మొన తొడలో గుచ్చుకుంది. రెండోది మూత ఉన్నది, మూతకి నొక్కే బటను. చూడటానికి దర్జాగా ఉంది. గన్నియ్య తల అడ్డంగా ఊపాడు. "ఒక చేత్తో పుల్ల పట్టుకుని ఉంటానండి. ఇది తియ్యాలంటే రెండు చేతులు కావాలి." మూడోది మూతలేనిది. వంగగానే కత్తి జారి కింద పడింది. ఇంకొంచెముంటే కొట్టు ముందు మురుగుకాలవలోకి పోయేది.

దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. "ఏంటండీ, ఆయనకేమైంది?" అని ఒకామె అడిగింది.

"బడిలో తియ్యాల్సిన గుంజీలు బాకీ ఉన్నాయండి, ఇప్పుడు తీస్తున్నాడు," అన్నాడు నూకరాజు.

"నోర్ముయ్యరా," అన్నాడు గన్నియ్య, కూర్చునే.

ఏసుపాదం గారు ఆరె పక్కన పెట్టేశారు. "ఒక్క మాట అడుగుతానండి. ఇన్నాళ్ళూ ఈ కత్తి ఎక్కడ పెట్టుకునేవారు?"

నూకరాజు నవ్వు ఆగిపోయింది. గన్నియ్య నేల వైపు చూస్తూ, "మొలతాడుకండి," అన్నాడు. "మా ఇంటిది చిన్న గుడ్డసంచి కుట్టి దానికి కట్టేది. ఉన్నట్టే తెలిసేది కాదు."

"మరి ఇప్పుడు..." అన్నారు ఏసుపాదం గారు. అంతలోనే అర్థమై ఊరుకున్నారు.

మీలో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గన్నియ్య వాళ్ళలో భార్య పోయిన మగవాడికి పెద్దకర్మ నాడు మొలతాడు తీసేస్తారు. మళ్ళీ కట్టుకోడు. ఆడదాని మెడ ఖాళీ అయితే ఊరంతా చూస్తుంది. మగవాడి నడుము ఖాళీ అయితే చొక్కా కింద ఎవరికీ కనపడదు. అతని చేతికే తెలుస్తుంది. గన్నియ్య భార్య వరహాలు మాఘమాసంలో పోయింది. అప్పటినుంచీ పనిలో ఉండగా ఆయన చెయ్యి కత్తి కోసం నడుము దగ్గరికి వెళ్ళడం, అక్కడ ఏమీ లేక తిరిగి రావడం. కత్తి జేబులో పెట్టుకుంటే వంగినప్పుడు తొట్టిలో పడింది. లుంగీ మడతలో దోపుకుంటే జారి బురదలో పోయి, వెతుక్కోవాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి ఆయన కత్తిని రుమాల్లో మూటకట్టి, అంటు కట్టడం మానేసి, మొక్కలకు నీళ్ళు పెట్టే పనిలోకి దిగిపోయాడు.

"మా అక్కండి ఆవిడ," అన్నాడు నూకరాజు. ఈసారి గొంతు తగ్గించాడు. "నిరుడు వానాకాలంలో తిన్న మామిడి టెంకలన్నీ ఏరి, ఇంటి వెనకాల సంచుల్లో పాతింది. మొలకలొచ్చి ఇంతెత్తు అయ్యాయి. ఈ వానల్లో వాటికి అంటు కట్టెయ్యాలండి. లేకపోతే కాండం ముదిరిపోయి పనికిరావు. ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వడు. తను వెయ్యడు. అడిగితే కత్తి పెట్టుకోడానికి చోటు లేదంటాడు. సరే పద, చోటు కొనిస్తాను అని లాక్కొచ్చానండి."

గన్నియ్య బెల్టు విప్పబోయాడు.

అప్పుడు ఏసుపాదం గారు పీట మీంచి లేచారు. కింద ఉన్న నన్ను లాగి, దులిపి, మడతలు విప్పారు. చాలా ఏళ్ళ తరవాత నాకు వెలుతురు తగిలింది.

"ఇది చూడండి."

నూకరాజు కళ్ళు పెద్దవి చేశాడు. "మీరు కూర్చున్న తోలా అండీ?"

"కూర్చోబట్టే కదండీ మెత్తబడింది. కొత్త తోలుకి మనిషి అలవాటుండదు. ఒళ్ళంతా పొడుస్తుంది. దీనికి ఆ బెడద లేదు."

గన్నియ్య నన్ను చేతుల్లోకి తీసుకుని వేళ్ళ మధ్య వంచి చూశాడు. ఆయన బొటనవేలు కాడి మచ్చ మీద ఆగింది. "ఇక్కడ గట్టిగా ఉందేంటండీ?"

"దున్న మెడండి. కాడి మచ్చ. కావాలంటే అది వదిలేసి కోస్తాను."

"వద్దండి. పని చేసిన తోలేగా. ఉండనివ్వండి."

ఒకరు నన్ను చూసి కోరుకోవడం అదే మొదటిసారి. నేను తోలునే అయినా ఈ మాట చెప్పకుండా ఉండలేను, ఆ క్షణం చాలా బాగుంది.

ఏసుపాదం గారు సుద్దముక్క తీసి, గన్నియ్య కుడి నడుము దగ్గర గుర్తు పెట్టబోయారు. కుడిచేతి వాటం మనిషికి కత్తి కుడివైపే ఉండాలి, ఎవరైనా అలాగే అనుకుంటారు.

"అటు కాదండి, ఎడమ," అన్నాడు గన్నియ్య. "ఎడమవైపు, అడ్డంగా పడుకున్నట్టు. మూతి ఇటు తిరిగి ఉండాలి. కుడిచెయ్యి పొట్ట మీదగా వచ్చి తీసుకుంటుంది."

"కుడివైపు ఏం వస్తుందండీ?"

"మనిషి కూర్చుంటుందండి."

కూర్చునేది అనలేదు. కూర్చుంటుంది అన్నాడు. ఏసుపాదం గారూ, నూకరాజూ ఇద్దరూ విన్నారు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట సరిదిద్దలేదు. మనుషుల మీద నాకున్న గౌరవంలో చాలా భాగం ఆ మౌనం వల్ల వచ్చిందే.

అంటు కట్టేటప్పుడు ఇద్దరు కావాలి. టెంక మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన పుల్లని రెండువైపులా చెక్కి ఆ చీలికలో దించాలి. కోత ఆరిపోకముందే ఇంకొకరు ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టెయ్యాలి. గన్నియ్య కోసేవాడు, వరహాలు కట్టేది. వాళ్ళ కాపురంలో సగం మాటలు అలా పక్కపక్కన గొంతుక్కూర్చునే జరిగాయట. ఎదురుబొదురుగా చూసుకోవాల్సిన పని తక్కువ కాబట్టే పోట్లాటలు కూడా తక్కువేనని నూకరాజు అభిప్రాయం.

నన్ను కోశారు, తడిపారు, కత్తి చుట్టూ చుట్టి నొక్కారు. మైనం రాసిన దారంతో కుట్టారు. బెల్టు దూరే చోటు నా వీపుకి అతుక్కున్నట్టు చదునుగా పెట్టారు. అంచులు కొమ్ముముక్కతో రుద్ది నున్నగా చేశారు. ఒక్క పొరపాటు జరిగింది. తడి తగిలి కత్తికి తుప్పు పడుతుందేమోనని ఏసుపాదం గారు దాన్ని గన్నియ్య రుమాల్లోనే చుట్టి నాలో పెట్టి ఆరబెట్టారు. రుమాలు రెండు మడతలు ఎక్కువైంది. తీరా ఆరాక రుమాలు తీసేస్తే నేను కత్తికి కాస్త వదులయ్యాను. నడిస్తే లోపల కత్తి కదిలి టకటకమంటుంది. గన్నియ్యకి అది ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో తెలిసింది. వెనక్కి వెళ్ళి అడగడానికి మొహమాటపడ్డాడు. పీట మీద తోలు తీసి ఇచ్చిన మనిషిని వదులైందని ఎలా అడుగుతాం?

మర్నాటి నుంచి నన్ను పెట్టుకున్నాడు గానీ కత్తి తియ్యలేదు. నీళ్ళు పెట్టేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, నేను ఊరికే నడుము మీద ఉండేదాన్ని. కూర్చున్నా, లేచినా, వంగినా గుచ్చుకోలేదు. మంచి ఒర అంటే పెట్టుకున్నవాడు దాన్ని మరిచిపోవాలి. మరిచిపోయాడు. అప్పుడప్పుడు మాత్రం ఆయన చెయ్యి అలవాటుగా ఎడమవైపుకి వచ్చేది. ఇదివరకటిలా ఖాళీగా తిరిగి వెళ్ళేది కాదు. నా మీద కాసేపు ఉండి వెళ్ళేది. ఎండకి కాగిన నీళ్ళగొట్టం పట్టుకుని వచ్చిన చెయ్యి, మెత్తగా, వెచ్చగా ఉండేది.

నర్సరీలో కాసులమ్మ అని ఒకామె ఉంది. కట్లు కట్టేవాళ్ళలో పెద్దది. నన్ను చూసిన మొదటిరోజే అందరికీ వినపడేలా, "గన్నియ్య గారికి పోలీసు ఉద్యోగం వచ్చిందర్రా! బెల్టూ తుపాకీ చూడండి!" అంది. ఆడవాళ్ళందరూ నవ్వారు. తరవాత పక్కకి వచ్చి నెమ్మదిగా, "వరహాలక్క మొక్కలు నేను కట్టనా అన్నయ్యా? నువ్వు కొయ్యి చాలు," అంది.

"చూద్దాంలేమ్మా," అన్నాడాయన. చూడలేదు.

వానలు బాగా పడ్డాయి. ఇంటి వెనక మొక్కల ఎర్ర ఆకులు పచ్చబడ్డాయి. నూకరాజు రోజూ వచ్చి వాటి కాండాలు వేళ్ళతో నొక్కి చూసేవాడు.

"బావా, ఇవాళ కూడా నీళ్ళేనా?"

"దాహం వేస్తుంది కదరా వాటికి."

"దాహం తీరి లావెక్కిపోతున్నాయి. నీకోసం అవి చిన్నపిల్లల్లా ఉండిపోవు. ఇంకో పక్షం పోతే వీటికి కత్తి కాదు, గొడ్డలి కావాలి."

గన్నియ్య గొట్టం కింద పెట్టాడు. మొక్క దగ్గరికి వెళ్ళి కాండం పట్టుకున్నాడు. బామ్మర్ది అన్నది నిజమేనని ఆయన వేళ్ళకి తెలిసింది. నూకరాజు ఇంకేమీ అనలేదు. వాడికి ఎక్కడ ఆపాలో తెలుసునని నేను మొదటిసారి గమనించాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పుల్లల కోసం మామిడి తోటకి వెళ్ళారు. ఏ రకం పుల్ల కొయ్యాలని అక్కడ పేచీ వచ్చింది.

"పంచదార కలశ పెడదాం బావా. తియ్యగా ఉంటుంది."

"నీకేం, తినేవాడివి. మీ అక్క ఏం మనిషి?"

నూకరాజు ఆలోచించాడు. "ఆవకాయ మనిషి."

"మరి?"

"కొత్తపల్లి కొబ్బరే అయితే," అన్నాడు నూకరాజు నిట్టూర్చి. "ఆ పులుపుకి చచ్చిపోయేదానివి అక్కా, బతికుండగా కూడా గెలిచావు, ఇప్పుడూ గెలిచావు."

గన్నియ్య కుడిచెయ్యి పొట్ట మీదగా నా దగ్గరికి వచ్చింది. వేళ్ళు లోపలికి దిగాయి. కత్తి బయటికి వెళ్ళింది. ఎలాగుంటుందో అని ఎన్నిసార్లో అనుకున్నాను. ఏమీ లేదు. తేలిగ్గా అయింది. కొత్తపల్లి కొబ్బరి కొమ్మ నుంచి మొదటి పుల్ల తెగిన చప్పుడు చిన్నది, వేలు విరుచుకున్నంత.

ఇంటి వెనక మొక్కల ముందు గొంతుక్కూర్చున్నాడు. కూర్చునేముందు తన కుడిపక్కన నీళ్ళ డబ్బా ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. దానితో ఆయనకేం పని లేదు. ఆ చోటు ఖాళీగా కనపడకుండా ఉండడానికి పెట్టాడు. ఎవరూ వచ్చి కూర్చోకుండా కూడాను.

మొదటి మొక్క తల కోశాడు. చీల్చాడు. పుల్ల చెక్కి దించాడు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో పట్టీ చుట్టబోయాడు. పట్టీ చివర పళ్ళతో పట్టుకున్నాడు. పుల్ల జరిగింది. సరిచేశాడు, పట్టీ జారింది. పుల్ల ఊడి ఒళ్ళో పడింది. మళ్ళీ చెక్కాడు. మళ్ళీ ఊడింది. కోసిన కాండం ఆరిపోయి గోధుమరంగు తిరుగుతోంది. ఆయన ఊపిరి నా దాకా వినిపిస్తోంది.

"నేను కడతాను," అన్నాడు వెనకనుంచి నూకరాజు.

"నీకు రాదు."

"చిన్నప్పటినుంచీ అక్క కడుతుంటే చూశాను."

"చూస్తే వచ్చేదైతే కాకులన్నీ అంటు కట్టేవి."

"కాకులకి బావలు లేరు. జరుగు."

వాడు వచ్చి ఎడమవైపు కూలబడ్డాడు. కూర్చున్నది నేనున్న వైపు. వాడి మోకాలు నాకు తగిలింది. గన్నియ్య కత్తి కోసం చెయ్యి తెస్తే మోచెయ్యి వాడి గడ్డానికి కొట్టుకుంది. కత్తి తీస్తే వాడి ముక్కు పక్కనుంచి వెళ్ళింది. "ఓరి నాయనో, అంటు నాకు కడతావా ఏంటి?" అన్నాడు వాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు. ఎలా కూర్చున్నా ఆ వైపు ఇద్దరూ కుదరరు.

గన్నియ్య కత్తి మూసి కింద పెట్టాడు. గోడ అవతలి నర్సరీలో కాసులమ్మ వాళ్ళు మొక్కల సంచుల్లో మట్టి నింపుతూ మాట్లాడుకుంటున్నారు. ఆయన నీళ్ళ డబ్బా హేండిలు పట్టుకుని, తనే ఎత్తి, దూరంగా పెట్టాడు.

"ఇటు కూర్చో," అన్నాడు.

నూకరాజు లేచి, బావ వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి, కుడిపక్కన కూర్చున్నాడు. అలా కూర్చునేటప్పుడు గుడి మెట్టు మీద కూర్చునేవాడిలా ఒకసారి చేత్తో నేల తుడుచుకున్నాడు.

గన్నియ్య కోశాడు. వాడు కట్టాడు. వాడి వేళ్ళు లారీ తాళ్ళు బిగించే వేళ్ళు. పట్టీ చుట్టిన చోటే మళ్ళీ మళ్ళీ చుట్టి, ముడి మీద ముడి వేశాడు. కాసేపటికి గోడ మీద కాసులమ్మ తల లేచింది. చూసింది. ఆమె కళ్ళు తడిసినట్టు నాకనిపించింది గానీ నోరు మాత్రం పొడిగానే ఉంది. "మగాడు కట్టు కట్టడం ఇదే చూడటం! గడ్డం గీసుకొచ్చావా నూకరాజూ, మొక్కకి గుచ్చుకుంటుంది!"

"నీకేమైనా కట్టాలంటే చెప్పు కాసులమ్మక్కా, నోటికి కడతాను."

ఆ రోజంతా కట్టారు. మర్నాడు కూడా కట్టారు. పట్టీలు ప్రతిసారీ ఎక్కడో పెట్టి వెతుక్కోవాల్సి వస్తోందని, మొదటిరోజు మధ్యాహ్నం గన్నియ్య వాటిని చుట్టగా చుట్టి నాలో, కత్తి పక్కన దోపాడు. ఆ వదులు సరిగ్గా దానికి సరిపోయింది. టకటక ఆగిపోయింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మీరు అంటుంటారు. నిజమే కావచ్చు, నేను ప్రయత్నించలేదు. కత్తీ కట్టూ మాత్రం ఇముడుతాయి. ఏసుపాదం గారి పొరపాటుకి నేను అప్పటినుంచీ రుణపడి ఉన్నాను.

అన్నీ బతకలేదు. కొన్ని పుల్లలు నల్లబడి రాలిపోయాయి. అవి గన్నియ్య ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టాడు. మిగతావాటి మీద మాత్రం, శ్రావణం వెళ్ళేలోపల, రాగిరంగు చిగుళ్ళు చీమ తలంత చిన్నగా కనపడ్డాయి. ముందు చూసింది నూకరాజే. చూసి, "బావా!" అని అరవబోయి, ఎందుకో నోరు మూసుకుని, గన్నియ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వేలు చూపించాడు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. మనుషులు పుట్టిన పిల్లల్ని కూడా అంత దగ్గరగా చూడగా నేను చూడలేదు.

నా తోటి వస్తువులు తమ కథలు చెప్పేటప్పుడు పాత సామాన్ల కొట్టులోనో, ప్రదర్శనశాలలో గాజుపెట్టెలోనో ముగిస్తాయి. నేనింకా అంతదాకా రాలేదు. అంచులు నల్లబడ్డాయి, ఒక కుట్టు తెగితే కొత్తది పడింది, అంతే. అందుకని కట్లు విప్పిన రోజు దగ్గర ఆపుతాను.

అంటు అతుక్కున్నాక కట్టు తీసెయ్యాలి. తీయకపోతే మొక్క లావయ్యేకొద్దీ ఆ పట్టీయే దాని గొంతు నులుముతుంది. కాబట్టి కార్తీకంలో ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, బావా బామ్మర్దీ మొక్కల ముందు కూర్చున్నారు. గన్నియ్య మొదటి కట్టు చివర కోసం గోటితో వెతికాడు. దొరకలేదు. తిప్పి చూశాడు. మొక్కని అటు తిప్పి చూశాడు. కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఒరే, దీని కొస ఎక్కడ?"

"లోపలెక్కడో ఉంటుంది బావా."

"ముడులు ఎన్ని వేశావురా?"

"ఊడిపోకూడదని..."

"ఇది మామిడి మొక్కరా, లారీ కాదు!"

గన్నియ్య ఇంకో మొక్క చూశాడు. దానికీ అంతే. ఇంకోటి. దానికి పట్టీ మీద పట్టీ, పైన మళ్ళీ కొబ్బరితాడు పోగు. దాన్ని పట్టుకుని ఆయన నోరు తెరిచాడు. తిడతాడనుకున్నాను. ఆయన పొట్ట నా పక్కన ఒకసారి అదిరింది. ఇంకోసారి అదిరింది. నవ్వు. ఆ నడుము మీదకి నేను వచ్చాక అలా అదరడం అదే మొదటిసారి కాబట్టి ముందు నాకు అర్థం కాలేదు.

"మీ అక్క కట్టయితేనా," అన్నాడు నవ్వు మధ్యలో, "చివర పట్టుకుని ఒక్క లాగు లాగితే, పాము కుబుసంలా వచ్చేసేది. నీ ముడి విప్పాలంటే మీ అక్కే మళ్ళీ పుట్టాలిరా!"

ఆమె గురించి ఆయన నవ్వుతూ మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. మాఘం తరవాత నూకరాజు కూడా వినలేదనుకుంటాను. వాడు బిక్కమొహం వేసుకుని చూశాడు. తరవాత వాడికీ నవ్వొచ్చింది. "పుట్టి వస్తే ముందు నన్ను చంపుతుంది బావా, ఈ కట్లు చూసి!"

"చంపదు. నీ చేత మళ్ళీ కట్టిస్తుంది, సరిగ్గా వచ్చేదాకా."

"అవును, అదే అంటుంది. 'మళ్ళీ కట్టు' అంటుంది."

"చేతి మీద ఒకటి వేసి."

"వేసి!"

అలా చెప్పుకుంటూ, ఆవిడ ఎవరిని ఎలా కసిరేదో, ఆవకాయ జాడీ ఎవరికీ అందకుండా ఎక్కడ దాచేదో ఒక్కొక్కటే తీసుకుంటూ, గన్నియ్య కత్తితో ఆ కట్లన్నీ కోసుకుంటూ వచ్చాడు. లేత కాండానికి గీటు పడకుండా కొయ్యాలి కాబట్టి ఆలస్యమైంది. నేను నోరు తెరుచుకుని నడుము మీద ఖాళీగా ఉన్నాను. ఒరకి అది మామూలుగా బాధే. ఆ రోజు మాత్రం కత్తి ఎప్పుడొస్తే ఏం అనిపించింది.

చివరి మొక్కకి వచ్చేసరికి నీడ గోడ దాటింది. కట్టు తెగింది. కింద అతుకు, వేలి కణుపులా కొద్దిగా ఉబ్బి, గట్టిగా ఉంది. గన్నియ్య బొటనవేలితో దాన్ని ఒకసారి నిమిరాడు.

"ఇది మీ ఇంటికి పట్టుకెళ్ళు," అన్నాడు నూకరాజుతో. "కాస్తే సగం కాయలు నాకు పంపించు."

"సగమెందుకు బావా?"

"అప్పుడు ఆవకాయ నేను పెడతాను."

"నువ్వా?" అన్నాడు నూకరాజు. "ఉప్పెంతో తెలుసా నీకు?"

"తెలీదు," అన్నాడు గన్నియ్య. "కాసులమ్మని అడుగుతాను." కత్తి లుంగీకి తుడిచి, మూసి, చూడకుండానే పొట్ట మీదగా తెచ్చి నాలో పెట్టాడు. దాని పిడికి అంటు కట్టిన నాటి మామిడి సొన మరక ఇంకా ఉంది.